అత్తమ్మ పళ్ళు, మూడు బొక్కల ఆపరేషన్

మా ఇంటికి ఎవరొచ్చినా ముందుగాల టీవీ కింద ఉన్న మూడు బొక్కలనే సూస్తున్రు. "ఏందే స్వరూపా, ఎలుకలు వడ్డయా?" అని అడుగుతున్రు. ఎలుకలు గాదు తల్లీ, నేనే! దగ్గరుండి, కొలిచి, పెన్సిల్‌తోని గుర్తు వెట్టి మరీ కొట్టిచ్చిన. నిజం చెప్పాల్నంటే ఆ బొక్కలు మస్తు నీటుగ వచ్చినయి. వాటితోని నా పరువేం పోలే. పరువు పోయింది ఆ తర్వాత. అది గూడ చెప్త గని, ముందు ఛాయ్ తాగున్రి, చల్లారుతుంది.

నేనేం పని జేస్తనో కొందరికి తెల్వదు. లాప్రోస్కోపీ సామాన్ల కంపెనీ, నాచారంల ఆఫీసు. కడుపు మొత్తం కొయ్యకుండ చిన్న చిన్న బొక్కలు వెట్టి, ఒకదాంట్లకెళ్ళి కెమెరా, మిగతా వాటిల్లకెళ్ళి పొడుగు కాడల పట్టకార్లు దించి, టీవీల సూసుకుంట ఆపరేషన్ జేస్తరు గదా, గా సామాను. నేను డెమో ఇస్త. డాక్టర్ పక్కన నిలవడి "సార్, కెమెరా జర తిప్పున్రి, సార్, లైటు తగ్గియ్యున్రి" అని చెప్పుడే నా ఉద్యోగం. ఏండ్ల సంది చెప్తనే ఉన్న. నా చేతికి మాత్రం ఎవ్వరూ పట్టకారు ఇయ్యలే. ఎందుకిస్తరు, నేనేమన్న డాక్టర్నా? కానీ ఇన్ని సూసిన తర్వాత నాక్కూడ వచ్చు అని లోపల్లోపల ఓ పిచ్చి నమ్మకం ఉండె.

ఇగ మా అత్తమ్మ. గుంటూరు దిక్కు హైస్కూల్ల తెలుగు టీచర్‌గ చేసి, రిటైరై, మా దగ్గరికి చిల్కానగర్‌కు వచ్చింది. మంచి మనిషి. నా తెలంగాణ మాటను ఒక్కనాడు ఎక్కిరియ్యలే. "నీ యాస నీది అమ్మాయ్, హాయిగా మాట్లాడు. కానీ శ ని శ లాగా పలుకు, స ని స లాగా పలుకు" అంటది. టీవీల వార్తలు చదివే పిల్లను గూడ ఇడ్శిపెట్టది. ఆ పిల్ల ఒక ముక్క చదువుతది, ఈమె సోఫాల కూసొని దాన్ని దిద్ది మళ్ళ చదువుతది.

గసొంటి అత్తమ్మకు పోయినేడు బాత్రూంల జారి ముందటి పళ్ళు రెండు ఊడినయి. గులాబీ రంగు ప్లేటుకు రెండు పళ్ళు అతికిచ్చి పెట్టుడు పళ్ళు చేయించినం. అవి లేకపోతే ఆమె పాల ప్యాకెట్ల అబ్బాయికి గూడ తలుపు తియ్యది. కొంగు నోటికడ్డం పెట్టుకొని చేతులతోని సైగలు చేస్తది.

ఆ ఆదివారం ఆమెకు పెద్ద రోజు. ఆమె దగ్గర సదువుకున్నోళ్ళు ఈ పట్నంల మస్తుమంది ఉన్నరు. బ్యాంకులల్ల, రైల్వేల, సాఫ్ట్‌వేర్ల, అన్నిట్ల. అందరు గల్సి ఉప్పల్ల ఓ ఫంక్షన్ హాల్ మాట్లాడుకొని పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టిన్రు. మా అత్తమ్మనే ముఖ్య అతిథి. పదకొండింటికి ఆమె ప్రసంగం. వారం సంది అద్దం ముంగట నిలవడి ప్రాక్టీస్ చేస్తుంది. చేనేత చీర ఇస్త్రీ చేపిచ్చింది. ఆమె మొఖంల గంత సంబురం నేను పెండ్లయినకాడికెళ్ళి సూడలే.

పొద్దుగాల ఇడ్లీ తిని, పళ్ళు కడిగి, ఆరనీకని చిన్న డబ్బాల పెట్టి, మూత పెట్టకుండ టీవీ యూనిట్ మీద పెట్టి తలస్నానానికి పోయింది. టీవీ యూనిట్ అంటే నడుమెత్తు చెక్క పెట్టె. గోడకు అతికిచ్చి కట్టిన్రు, కదల్ది. లోపలంత బోలు. పైన వైర్లు పోనీకి గుండ్రంగ ఓ బొక్క. దాని మూత ఎన్నడో పోయింది. నా ఫోన్ చార్జర్ వైరు గూడ గా బొక్కలకెళ్ళే బయటికొస్తది.

ఫోన్ మోగింది. సూస్తే మా బాసు! ఆదివారం గూడ సుకం లేదు. వైరు తియ్యకుండనే ఫోన్ గుంజిన. వైరు ఎగిరొచ్చి డబ్బాను కొట్టింది. డబ్బా బోర్ల వడ్డది. పళ్ళు టక్కున ఎగిరి, ఆ బొక్క అంచు మీద ఒక్క క్షణం ఆగి, నా కండ్ల ముంగటనే లోపలికి వోయినయి. లోపల టకటకమని సప్పుడు, ఆఖరికి ఓ చిన్న టప్.

"హలో, స్వరూప గారూ? డెమో కిట్ మీ దగ్గరే ఉందా?" అంటున్నడు బాసు.

నిన్న మేడిపల్లిల ఓ దవాఖానల డెమో లేటయింది, అందుకే కిట్ మొత్తం ఇంటికి తెచ్చుకున్న. "ఉంది సార్. పళ్ళే లేవు" అన్న.

"ఏంటి?"

"మళ్ళ చేస్త సార్" అని పెట్టేసిన.

గప్పుడే అత్తమ్మ తలకు తువ్వాల చుట్టుకొని బయటికొచ్చింది. బోర్లవడ్డ డబ్బా సూసింది. బొక్క సూసింది. నా మొఖం సూసింది. కొంగు నోటికడ్డం పోయింది.

"ఫ్వరూపా!" అన్నది.

నాకు నవ్వొచ్చింది, ఆ ఎనుకనే ఏడుపొచ్చింది. రెండూ మింగిన.

మా ఆయన శ్రీను వచ్చిండు. రైల్వేల పని చేస్తడు, ఏది పాడైనా ముందు టార్చిలైటు తెస్తడు. లైటేసి సూస్తే చీకటి, బూజు తప్ప ఏం కనవడలే. ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం బొమ్మను దారానికి కట్టి దించిండు. దానికి ఓ మేకు, రెండు పిన్నీసులు అంటుకొని వచ్చినయి. చీపురు పుల్లకు చూయింగ్ గమ్ అతికిచ్చి పెట్టిండు. చూయింగ్ గమ్ లోపలనే ఉండిపోయింది, పుల్ల ఒక్కటే బయటికొచ్చింది.

"సాయంత్రం కార్పెంటర్‌ని పిలిపిద్దాంలే" అన్నడు చల్లగ.

"సాయంత్రం పిలిచి ఏం జేస్తవ్? సమ్మేళనం అయిపోయినంక పళ్ళకు దండేస్తవా?" అన్న. కార్పెంటర్‌కు ఫోన్ కొట్టిన. ఆదివారం, ఎత్తలే. ఎత్తినా ఏం చేస్తడు, పలుగు తెచ్చి చెక్క మొత్తం పగలగొడ్తడు. అది మా ఇల్లు గూడ గాదు. ఓనర్ యాదగిరి అంకుల్ పైన్నే ఉంటడు. ఇల్లు కిరాయికిచ్చేటప్పుడు ఆయన చెప్పింది ఒక్కటే మాట, గోడకు ఒక్క మేకు గూడ కొట్టొద్దని. మా పెండ్లి ఫొటో ఇప్పటికీ సోఫా మీదనే కూసుంటది. చుట్టాలొస్తే దాన్ని లేపి వాళ్ళను కూసోవెట్టాలె.

అత్తమ్మ పోయి మంచం మీద గోడ దిక్కు తిరిగి కూసున్నది. "నేనేం ఫభకి రాను. జ్వరమని చెప్పండి. ఈ నోరేఫుకుని వాళ్ళ ముందు నిలబడాలంటే నాకు ఫిగ్గు" అన్నది. ఇస్త్రీ చీర మంచం మీద అట్లనే ఉంది. వారం సంది ఎదురుసూసిన మనిషి, నా ఒక్క వైరు గుంజుడుతోని గట్ల కూసునె.

ఇగ నాకు పట్టుదలొచ్చింది. నాకు పట్టుదలొస్తే మా ఆయన నాలుగడుగులు దూరం జరుగుతడు. "పోగొట్టింది నేను. తీసేది గూడ నేనే. పెట్టె పగలదు, ఓనర్ మాట పోదు, అత్తమ్మ ప్రసంగం ఆగదు" అన్న.

"ఎలా తీస్తావే?" అన్నడు.

"లాప్రోస్కోపీ చేస్త."

కిట్ ఇప్పిన. కెమెరా బాక్సును మా టీవీకి కలిపిన. లైటు పెట్టిన. అయితే కెమెరాకు ముందు తెలుపంటే ఏందో సూపియ్యాలె, లేకపోతే రంగులు తప్పొస్తయి. ఆపరేషన్ థియేటర్ల తెల్ల గాజుగుడ్డ సూపిస్తరు. ఇంట్ల తెల్లగ ఏముంది? మా ఆయన బనియన్ ఉంది. "ఇటు రా, కదలకు" అని కెమెరా ఆయన పొట్ట మీద పెట్టిన. టీవీ నిండ బనియన్. బనియన్ నిండ బొక్కలు.

లోపలికెళ్ళి అత్తమ్మ ఎప్పుడొచ్చిందో, తలుపు కాడ నిలవడ్డది. "కొత్త బనియన్లు కొనుక్కోమని ఎన్నిఫార్లు చెప్పాన్రా" అన్నది కొంగులకెళ్ళి. హమ్మయ్య, మనిషి బయటికొచ్చింది, గదే చాలనుకున్న.

పై బొక్కలకెళ్ళి కెమెరా దించిన. బూజు, బూజు, ఇంకింత బూజు. జర తిప్పిన. అగో! అడుగున మూలకు పళ్ళు. టీవీల ఒక్కొక్క పన్ను పలక సైజుల ఉంది. మమ్మల్ని సూసి నవ్వుతున్నట్టే ఉన్నయి. మేం ముగ్గురం ఒక్కసారి "అయ్యో" అన్నం. సంతోషంల గూడ మనకు అయ్యో అనే వస్తది.

కానీ అందవు! పట్టకారు పొడుగు మూరెడు గూడ లేదు, పళ్ళు అంతకు రెండింతల లోతుల ఉన్నయి. మనిషి కడుపుకు చేసిన సామాను, చెక్క పెట్టెకు ఎట్ల సరిపోతది? అంటే పెట్టె ముందటి చెక్కల, కిందికెళ్ళి పోవాలె. కిందికెళ్ళి పోవాల్నంటే బొక్కలు పెట్టాలె. నడుమ కెమెరాకు ఒకటి, అటొకటి ఇటొకటి పట్టకార్లకు. డాక్టర్లకు రోజూ చెప్పే లెక్కనే.

"ఓనర్ చంపేస్తాడు" అన్నడు శ్రీను.

"అడిగొస్త" అని పైకి వోయిన.

యాదగిరి అంకుల్ పేపర్ చదువుతున్నడు. నాకు తిప్పి చెప్పుడు రాదు. "అంకుల్, మీ టీవీ యూనిట్‌కు మూడు బొక్కలు పెట్టాలె" అన్న.

ఆయన పేపర్ కిందికి దించిండు. అయినా ఆపలే. అత్తమ్మ పళ్ళు, సమ్మేళనం, పదకొండింటి ప్రసంగం, అన్నీ చెప్పిన. "మొత్తం పగలగొట్టకుండ, వేలు సైజు బొక్కలు వెట్టి, కెమెరా వెట్టి తీస్త అంకుల్" అన్న.

"కెమెరా వెట్టా?" అన్నడు. లేచిండు. అంగీ పైకి లేపిండు. "గిట్లనా?"

పొట్ట మీద చిన్న చిన్న మచ్చలు. "గాల్ బ్లాడర్ బిడ్డా! రాళ్ళు! ఇగో బొడ్డు కాడ ఒకటి, ఇగో ఇక్కడొకటి, ఇగో దీన్ని సూడు, దగ్గరికొచ్చి సూడు. తెల్లారి లేచి నడ్శిన. మా అన్నకు ఎన్కట జేస్తే ఇక్కడికెళ్ళి ఇక్కడిదాంక కోసిన్రు!"

లోపలికెళ్ళి ఆంటీ గొంతు వచ్చింది. "మళ్ళ సూపెట్టిండా? నిన్న కరెంటు బిల్లు పిలగానికి గూడ సూపెట్టిండమ్మా!"

అంకుల్ ఇన్లే. ఉరికి పోయి తన డ్రిల్లు మిషను తీస్కొచ్చిండు. "మేకు కొట్టొద్దన్న, డ్రిల్లు వద్దనలే. నడువు. గని నాదొక్క షరతు. కెమెరా నేను పట్టుకుంట" అన్నడు.

కిందికొచ్చి అత్తమ్మకు దండం వెట్టిండు. "టీచరమ్మా, ఫికర్ చెయ్యకున్రి, ఈ ఆపరేషన్ నాకు తెల్సు" అన్నడు. తెల్సంట! ఆయన మత్తుల పండుకున్నడు ఆ ఆపరేషన్ల.

పెన్సిల్‌తోని గుర్తు వెట్టిన. డ్రిల్లు బర్రుమన్నది. మూడు బొక్కలు, నున్నగ. వాటిల్ల కెమెరా, పట్టకార్లు పోనీకి గొట్టాలు పెట్టిన. అంకుల్ కెమెరా పట్టుకొని ముక్కాలి పీట మీద కూసుండు. నేను కింద మోకాళ్ళ మీద కూసొని రెండు చేతులల్ల రెండు పట్టకార్లు పట్టుకున్న. శ్రీను పక్కన నిలవడ్డడు. అత్తమ్మ సోఫాల పెండ్లి ఫొటో పక్కన. అందరి కండ్లు టీవీ మీద.

ఇగ మొదలైంది నా కత.

లాప్రోస్కోపీల చెయ్యి కుడికి పోతే లోపల మొన ఎడమకు పోతది. చెయ్యి కిందికి వంచితే మొన పైకి లేస్తది. ఇది నాకు తెల్వదా? ఏండ్ల సంది డాక్టర్లకు నేనే చెప్తున్న. "అలవాటైపోతది సార్, సింపుల్" అని నవ్వుకుంట చెప్త. ఆ రోజు పళ్ళు కుడి దిక్కున్నయి. నేను కుడికి పోయిన. మొన పోయి ఎడమ గోడకు కొట్టుకుంది. ఆగి, ఆలోచించి, ఎడమకు పోయిన. కోపంల జర ఎక్కువ పోయిన. మొన పళ్ళ మీదికెళ్ళి దుంకి అవతల వడ్డది. సింపుల్ అంట! ఆ మాట ఎన్ని దవాఖానలల్ల చెప్పిన్నో, అందరి ఉసురు ఒక్కసారే తగిలింది.

"రోజూ డాక్టర్లకి క్లాసులు పీకుతావు కదే" అన్నడు శ్రీను.

"నువ్వు నోరు మూస్కో, లేకపోతే ఈ పట్టకారు నీ ముక్కుకు పెడ్త" అన్న.

నేనిట్ల చెమటలు కక్కుతుంటే టీవీల పళ్ళు మాయమైనయి! సూస్తే కెమెరా ఎటో పోతుంది.

"అంకుల్! పళ్ళ మీద పెట్టున్రి!"

"ఆగు బిడ్డా, గా మూలకు ఏందో మెరుస్తుంది. అగో! మూత! ఈ బొక్క మూత! ఎన్నేండ్ల సంది దేవులాడుతున్న!"

"మూత తర్వాత తీస్కుందురు అంకుల్! ముందు పళ్ళు!"

"సరే సరే" అని మళ్ళించిండు. మళ్ళించిండు గని కెమెరా వంకర పట్టిండు. టీవీల లోకం మొత్తం పక్కకు వంగింది. మేం నలుగురం తలకాయలు పక్కకు వంచి సూస్తున్నం. అప్పుడొచ్చింది, తెర నిండ, మీసాలు ఊపుకుంట, మేకపిల్లంత సైజుల ఓ బొద్దింక!

నేను అరిచిన. శ్రీను సోఫా ఎక్కిండు. అంకుల్ మాత్రం కదలలే. "నా కడుపుల గూడ ఇట్లనే సూసిన్రా ఏంది?" అని అడిగిండు మెల్లగ, పాపం.

అత్తమ్మ ఒక్కతే ధైర్యంగున్నది. "అమ్మాయ్, దాని ఫంగతి వదిలెయ్. నా పళ్ళ మీద మనఫు పెట్టు" అన్నది. క్లాస్‌రూం గొంతు. నా చేతులు ఆ గొంతుకు టక్కున కుదురుకున్నయి.

పళ్ళ కాడికి వోయిన. పట్టిన. జారినయి. పట్టిన. జారినయి. ఆ ప్లేటు నున్నగుంటది గదా. ఎన్నిసార్లు జారినయో నేను లెక్కవెట్టలే, మా ఆయన మాత్రం "మళ్ళీ జారింది" అని ప్రతిసారీ చెప్పిండు. ఆఖరికి ప్లేటుకు పక్కనుండే తీగ కొక్కెం దొరికింది. బిగిచ్చి పట్టిన. లేపిన. టీవీల పళ్ళు గాల్లకు లేచినయి!

"శభాష్!" అని అంకుల్ ఒక చేత్తోని చప్పట్ల లెక్క తొడ మీద కొట్టుకుండు.

మెల్లగ, ఊపిరి బిగవట్టి బొక్క కాడిదాంక గుంజిన. టక్. ఆగినయి. మళ్ళ గుంజిన. టక్. అప్పుడు సమజైంది. బొక్క వేలంత. పళ్ళు అంతకు మూడింతలు. ఇంత కొలిచి, ఇంత గీసి, ఇంత నీటుగ బొక్కలు పెట్టిన నేను, తీసేది బయటికి పడ్తదా లేదా అని ఒక్కసారన్న కొలవలే!

శ్రీను ఏదో అనబోయిండు. నేను సూసిన. నాలుగడుగులు దూరం జరిగిండు.

"నాలుగోది పెద్దగ పెడ్దామా అంకుల్?" అన్న, సిగ్గు ఇడ్శి.

"వద్దు బిడ్డా" అన్నడు అంకుల్, సల్లగ. "నా గాల్ బ్లాడర్ గూడ ఆ బొక్కలల్ల పట్టకపోతే సంచిల ఏసి పెద్ద బొక్కకెళ్ళి గుంజిన్రంట. డాక్టర్ చెప్పిండు. మనకు పైన పెద్ద బొక్క ఉంది గదా."

నేను అంకుల్ కాళ్ళు మొక్కుదామనుకున్న, చేతులు ఖాళీ లేవు. నిజమే! సంచి లేకపోతే డాక్టర్లు చేతికి తొడుక్కునే గ్లౌజ్‌నే సంచి చేస్కుంటరు, నేను ఎన్నిసార్లు సూడలే! కిట్ల గ్లౌజులున్నయి. ఒక గ్లౌజ్‌కు దారం కట్టి, శ్రీను పై బొక్కలకెళ్ళి దించిండు. లోపల ఎడమ పట్టకారుతోని గ్లౌజ్ మూతి తెరిచి పట్టుకున్న. కుడిదాంతోని పళ్ళను దాని మీదికి తెచ్చిన. అత్తమ్మ సోఫాల ముందుకొచ్చి కూసున్నది. అంకుల్ కెమెరా కదిలియ్యలే. నేను వేళ్ళు ఇడ్శిన.

పళ్ళు గ్లౌజ్‌ల వడ్డయి!

శ్రీను బాయిలకెళ్ళి బిందె తోడినట్టు చెయ్యి మీద చెయ్యి ఏసి దారం గుంజిండు. పై బొక్కలకెళ్ళి గ్లౌజ్ బయటికొచ్చింది. మేం నలుగురం అరిచిన అరుపుకు ఆంటీ పైకెళ్ళి ఉరికొచ్చింది. అత్తమ్మ లేచొచ్చి నా నెత్తి మీద చెయ్యి వెట్టింది. "డాక్టరమ్మా" అన్నది. ఒట్టు, నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఇన్నేండ్లు పక్కన నిలవడి సూసిన పని నా చేతులతోని చేసిన. ఇంక టైమున్నది. అత్తమ్మ చీర కట్టుకోనీకి లోపలికి వోయింది.

ఇక్కడ ఆపిన్నంటే నేను పెద్ద మొనగత్తెను. ఆపలే.

పళ్ళు నా చేతిలున్నయి. బూజు, దుమ్ము, చూయింగ్ గమ్ ముక్క. ఆ బొద్దింక మీసాలు కండ్ల ముంగటనే ఆడుతున్నయి. దీన్ని ఉత్తగ నల్లా కింద కడిగి పెద్దమనిషి నోట్లె పెట్టాల్నా? మా ఫీల్డ్‌ల గట్ల నడ్వదు! ఏ సామానైనా స్టెరిలైజ్ చెయ్యాలె. థియేటర్ల ఆటోక్లేవ్ అని మిషనుంటది, ఆవిరితోని క్రిములు సస్తయి. ఆటోక్లేవ్ అంటే ఏంది? పెద్ద కుక్కర్! మా ఇంట్ల చిన్నది ఉంది గదా!

సబ్బుతోని కడిగి, స్టీలు గిన్నెల పెట్టి, గిన్నెను కుక్కర్ల పెట్టి, మూత బిగిచ్చి, స్టవ్ ముట్టిచ్చిన. మూడు విజిల్లు రానిచ్చిన. పప్పుకు సరిపోయేది పళ్ళకు సరిపోదా అనుకున్న.

అత్తమ్మ చీర కట్టుకొని, కొప్పుల పూలు వెట్టుకొని, చెయ్యి చాపుకుంట వంటింట్లకొచ్చింది. నేను మూత తీసిన.

గులాబీ ప్లేటు నూనెల ఏసిన అప్పడం లెక్క అంచులు లేచి చుట్టుకపోయింది. రెండు పళ్ళు ఒకదాని మొఖం ఒకటి సూసుకుంటున్నయి.

అత్తమ్మ దాన్ని చేతిలకు తీసుకున్నది. వేడిగుంటే అటు చెయ్యి ఇటు చెయ్యి మార్చుకున్నది. నోట్లె పెట్టుకొని సూసింది. ఒకటి పెదవి దిక్కు, ఒకటి ముక్కు దిక్కు. తీసి గిన్నెల పెట్టింది.

"వేడి తగలకూడదని డాక్టరు చెప్పాడమ్మా" అన్నది. ఆ నెమ్మదికి నా ప్రాణం సచ్చిపోయింది. తిట్టినా బాగుండు!

"అత్తమ్మా, తప్పయింది. జ్వరమని ఫోన్ చేస్త" అన్న.

ఆమె గిన్నె దిక్కు సూసింది. టీవీ కింద మూడు బొక్కల దిక్కు సూసింది. నా మోకాళ్ళకంటిన దుమ్ము సూసింది. కొంగు నోటి మీదికి తెచ్చుకోబోయి, ఆగి, నడుముకు దోపుకుంది. "రెండు పళ్ళ కోఫం నువ్వింత మొండిగా కూర్చున్నావు. నా పిల్లల కోఫం నేను నిలబడలేనా? పద" అన్నది.

హాల్ నిండ జనం. అందరు ఆమె పిల్లలే గని తలకాయలు నెరిసినయి, కొందరివి బట్టతలలు. నేను ముందటి వరుసల కూసున్న. ఆమె మైక్ పట్టుకుంది. నేను కండ్లు మూస్కున్న.

"ఫభకు నమఫ్కారం" అన్నది.

ఎన్కకెళ్ళి ఎవరో కిసుక్కుమన్నరు.

"నవ్వండి, ఫర్లేదు" అన్నది. "మీకు ఉచ్చారణ నేర్పినదాన్ని. తప్పు పలికితే బెంచీ ఎక్కించినదాన్ని. ఇవాళ నాకే పలకడం లేదు. ఎక్కడ తప్పితే అక్కడ దిద్దండి. ఇవాళ మీ వంతు. మిమ్మల్నందర్నీ చూఫి నాకెంతో ఫంతోఫంగా ఉంది."

మధ్యలకెళ్ళి ఓ బట్టతలాయన లేచి నిలవడ్డడు. చేతులు కట్టుకుండు. "సంతోషం, టీచర్!" అన్నడు.

"వినపడలేదు" అన్నది అత్తమ్మ.

"సం-తో-షం, టీచర్!" హాల్ మొత్తం లేచి అరిచింది. కొందరు నవ్వుతున్నరు, కొందరు కండ్లు తుడుచుకుంటున్నరు. ఇగ ఆమె ప్రసంగం నడ్శినంత సేపు గదే. ఆమె తప్పు పలుకుడు, వాళ్ళు దిద్దుడు, ఆమె "మళ్ళీ, గట్టిగా" అనుడు. నేను గూడ అరిచిన. గంత బాగా నవ్వుకుంట ఏడ్శిన రోజు నాకు యాదికి లేదు.

ఆడికి ఆపిందా? ఆపలే. "పళ్ళు ఏమయ్యాయని అడుగుతారేమో" అన్నది చివరికి. "మా కోడలు చెక్క పెట్టెకి ఆపరేఫన్ చేఫి, కత్తి పెట్టకుండా బయటికి తీఫింది. తీఫి, కుక్కర్లో పెట్టి మూడు విజిల్ఫ్ ఇచ్చింది. అదుగో, ముందు వరఫలో కూర్చుంది."

హాల్ హాలంత నా దిక్కు తిరిగింది. భోజనాల కాడ ప్లేటు పట్టుకొని నిలవడితే ప్రతి ఒక్కరు వచ్చుడు, "పళ్ళు ఉడకబెట్టింది మీరేనా అమ్మా?" అని అడుగుడు. ఒకాయన మరీ మెల్లగ, పప్పు వడ్డించుకుంట, "ఉప్పేశారా?" అన్నడు.

అత్తమ్మకు కొత్త పళ్ళొచ్చినయి. పాతవాటికన్న బాగున్నయి, శ, ష, స గంట లెక్క మోగుతున్నయి. కానీ ఇప్పుడు మా ఇంట్ల కుక్కర్ విజిల్ వేస్తే సాలు, ఆమె ఎక్కడున్నా చెయ్యి ముందు నోటి కాడికి పోతది, పళ్ళున్నయో లేవో తడుముకుంటది. తర్వాత వంటింట్లకొచ్చి "ఏం పెట్టావమ్మా అందులో?" అని అడుగుతది. "పప్పే అత్తమ్మా" అంటే నమ్మది. మూత తీసి సూపియ్యాలె.